అడకత్తెరలో ఒళ్ళు

రక్తపోటు కాస్త ఎక్కువగా కనబడగానే డాక్టరు అడిగే ప్రశ్నలు అందరికీ కంఠతా వచ్చు. ఉప్పు ఎక్కువ తింటారా? నడక ఉందా? సిగరెట్టు, మద్యం అలవాట్లున్నాయా? తల్లిదండ్రులకు బీపీ ఉండేదా? ఇవన్నీ అడగవలసిన ప్రశ్నలే. కానీ, "మీరు ఉద్యోగంలో ఉన్న వేళ ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ఎవరు చూసుకుంటారు? సెలవు అడిగితే మీ పై అధికారి ముఖం ఎలా పెడతారు?" అని అడిగిన డాక్టరును నేనింతవరకు చూడలేదు. కేసు షీటులో ఆ ప్రశ్నకు గడి లేదు. గుండె జబ్బుల మీదా, నిద్ర మీదా, కుంగుబాటు మీదా కొన్ని దశాబ్దాలుగా జరిగిన పరిశోధనలు చదువుతుంటే ఆ గడి ఉండి తీరాలనిపిస్తుంది.

ఉద్యోగమూ కుటుంబమూ ఒకే మనిషి నుంచి ఒకదానితో ఒకటి పొసగని పనులు కోరడాన్ని పరిశోధకులు పని-కుటుంబ సంఘర్షణ అంటారు. 1985లో జెఫ్రీ గ్రీన్‌హౌస్, నికొలస్ బ్యూటెల్ అనే ఇద్దరు దీన్ని మూడు పాయలుగా విడదీశారు. మొదటిది సమయానికి సంబంధించినది: మీటింగూ, బడిలో పిల్లల కార్యక్రమమూ ఒకే గంటకు పడితే ఒకటే దక్కుతుంది. రెండోది అలసటకు సంబంధించినది: మనిషి ఇల్లు చేరతాడు, సత్తువ మాత్రం చేరదు. మూడోది నడవడికకు సంబంధించినది: తొణకకుండా, కచ్చితంగా, ఎదుటివారికి సందివ్వకుండా మాట్లాడడం ఆఫీసులో గొప్ప గుణం. అదే గొంతు ఐదేళ్ళ పాప దగ్గర వాడితే ఆ పాప బిక్కచచ్చిపోతుంది.

ఈ మూడింటిలో మొదటిదాని గురించే లోకం ఎక్కువగా మాట్లాడుతుంది, గంటలు లెక్కపెట్టడం తేలిక కనుక. 'సమతూకం' అనగానే కళ్ళముందు తక్కెడ కదులుతుంది. ఇటు నుంచి ఒక గంట తీసి అటు వేస్తే ముల్లు నిలబడుతుందన్న భ్రమ కలుగుతుంది. నాకు ఆ మాట మీద మొదటి నుంచీ అనుమానమే. గంటలు అటూ ఇటూ సర్దుకోవచ్చు. ఆఫీసు నుంచి మోసుకొచ్చిన అలసటను ఏ పళ్ళెంలో వేసి తూస్తాం?

అలాగని గంటల లెక్క తీసిపారేసేది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వెలువరించిన అంచనా ప్రకారం, వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. గుండెకు రక్తం చాలక వచ్చే జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదిలోనే ఈ పని గంటల పుణ్యమా అని ప్రపంచంలో 7,45,000 మంది చనిపోయారని ఆ అంచనా. అయితే ఆ 55 గంటలూ అందరి ఒంట్లోనూ ఒకేలా పనిచేయవు. తేడా ఎక్కడుందో తెలియాలంటే ఒళ్ళు ఒత్తిడిని మోసే తీరు చూడాలి.

ఎక్కడం సరే, దిగడమో?

ఒత్తిడి ఎదురైన క్షణాల్లోనే అడ్రినలిన్, నోరడ్రినలిన్ అనే హార్మోన్లు పెరిగి గుండె వేగాన్నీ రక్తపోటునూ లేపుతాయి. కాస్త వెనుకగా కార్టిసాల్ అనే మరో హార్మోను వచ్చి రక్తంలో చక్కెర పెంచి, కండరాలకు ఇంధనం అందేలా చూస్తుంది. ఇందులో జబ్బేమీ లేదు. అవసరమైనప్పుడు పరుగెత్తడానికి దేహం చేసుకున్న ఏర్పాటు ఇది. అవసరం తీరాక అన్నీ కిందికి దిగాలి. చిక్కంతా ఆ దిగడంలోనే ఉంది. దిగే లోపే మరో మెట్టు ఎక్కవలసి వస్తే, ఆ మర్నాడూ అంతే అయితే, రక్తనాళాలు, రోగనిరోధక వ్యవస్థ, జీవక్రియ ఆ ఎత్తులోనే కాపురం పెట్టేస్తాయి. దానికి దేహం చెల్లించే మూల్యాన్ని 1993లో బ్రూస్ మెక్‌యువెన్, ఎలియట్ స్టెల్లార్ 'అలోస్టాటిక్ లోడ్' అన్నారు. నేనైతే అరుగుదల అంటాను. బండి చక్రం ఏ రోజు అరిగిందో ఎవరూ చెప్పలేరు. ఒక రోజు మాత్రం జారుతుంది.

ఈ దిగడం గురించి నాకు తెలిసిన వాటిలో అన్నిటికన్నా స్పష్టమైన సాక్ష్యం స్వీడన్‌లోని వోల్వో కంపెనీలో దొరికింది. మరియాన్ ఫ్రాంకెన్‌హాయిజర్, ఉల్ఫ్ లుండ్‌బర్గ్, వారి సహచరులు అక్కడి స్త్రీ పురుష ఉద్యోగులను పని వేళల్లోనూ, ఆ తర్వాతా పరీక్షించి 1989లో ఫలితాలు ప్రచురించారు. పగలంతా మేనేజర్లు స్త్రీలైనా పురుషులైనా వారి ఒంట్లో ఒత్తిడి దాదాపు ఒక్క తీరుగానే ఉంది. సాయంత్రం ఐదు దాటాక దారులు చీలాయి. మగవారి నోరడ్రినలిన్ దిగింది. ఆడవారిది దిగలేదు. హోదా ఒకటే, కంపెనీ ఒకటే. ఆడవారి ఒంటి తత్త్వమే అంత అనడానికి వీలు లేదు, పగటి కొలతలు దాన్ని ఒప్పుకోవు. ఒకరికి గడప దాటగానే విశ్రాంతి మొదలైంది, మరొకరికి రెండో డ్యూటీ మొదలైంది.

ఇలా దిగని ఒత్తిడి చర్మం మీద కూడా కనబడుతుంది. 1995లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన జానిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందం, మతిమరుపు జబ్బు ముదిరిన బంధువులకు సేవచేస్తున్న 13 మంది మహిళలను, అదే ఈడులో ఉండి ఆ బరువు లేని మరో 13 మందిని తీసుకుని, అందరి చేతుల మీదా ఒకే కొలతలో చిన్న గాయం చేసింది. రెండో జట్టు గాయాలు సగటున 39 రోజుల్లో మానాయి. సేవచేస్తున్నవారివి మానడానికి మరో తొమ్మిది రోజులు పట్టింది. ఇది ఉద్యోగుల మీద చేసిన అధ్యయనం కాదు, జట్లు కూడా చిన్నవి. అయినా ఇంటి బరువు కణాల దాకా దిగుతుందా అని సందేహించేవారికి చూపించదగ్గ ఉదాహరణ.

అడిగేవారు లేని అప్పు

హార్మోన్ల దారి ఒకటైతే, అలవాట్ల దారి మరొకటి. ఆఫీసు నుంచి ఒక గంట తీసుకుంటే అధికారి అడుగుతాడు. పిల్లల నుంచి తీసుకుంటే వాళ్ళు ఏడుస్తారు. నిద్ర నుంచి తీసుకుంటే అడిగేవారు లేరు. అందుకే ఇంటికీ ఉద్యోగానికీ గంటలు చాలనప్పుడు మొదట కోతపడేది నిద్రకే. ఆ తర్వాత వ్యాయామం, ఆ తర్వాత కుదురుగా కూర్చుని తినడం. తన ఒంటి పరీక్షను వచ్చే నెలకు వాయిదా వేసుకోవడం కూడా ఈ వరసలోదే. పిల్లల టీకా తేదీ మరిచిపోని తల్లి తన రక్తపరీక్ష కాగితాన్ని ఆరు నెలలు సంచిలోనే పెట్టుకుని తిరుగుతుంది.

నిద్ర నుంచి తెచ్చిన అప్పుకు వడ్డీ ఎక్కువ. షికాగో విశ్వవిద్యాలయంలో ఈవ్ వాన్ కాటర్ బృందం ఆరోగ్యవంతులైన 11 మంది యువకులను వరుసగా ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చింది. అంతలోనే వారి దేహం చక్కెరను వాడుకునే శక్తి పడిపోయిందని 1999లో తేల్చింది. షెల్డన్ కోహెన్ బృందం 2009లో మరో విషయం చెప్పింది. 153 మంది ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి చూస్తే, అంతకు ముందు వారాల్లో రోజుకు ఏడు గంటలకన్నా తక్కువ నిద్రపోయినవారు, ఎనిమిది గంటలు, ఆపైన పడుకున్నవారికన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువగా జలుబు బారిన పడ్డారు. ఇంట్లో పిల్లలకు జలుబు వచ్చిన వారంలోనే అమ్మకో నాన్నకో కూడా ఎందుకు వస్తుందంటే, పిల్లల నుంచి అంటుకోవడం ఒక్కటే కారణం కాదు, వాళ్ళ కోసం మేలుకున్న రాత్రులు కూడా.

ఒత్తిడి ఒక మనిషి దగ్గర ఆగదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అని మనకు సామెత ఉండనే ఉంది. దాన్ని కాస్త సరిదిద్దే పరిశోధన ఒకటుంది. విమాన రాకపోకలను నియంత్రించే ఉద్యోగుల ఇళ్ళలో రీనా రెపెటి 1980ల చివర ఏం జరుగుతోందో రోజువారీగా గమనించింది. పని మరీ ఎక్కువైన రోజున వాళ్ళు ఇంటికొచ్చి అరవడం లేదు, ముడుచుకుపోతున్నారు. మాట తగ్గుతోంది. ఆఫీసులో ఎవరితోనైనా మాటామాటా అనుకున్న రోజున మాత్రం ఆ కోపం పిల్లల మీదికి మళ్ళుతోంది. అంటే, చాకిరీ మౌనాన్ని తెస్తుంది, అవమానం దుత్తను వెతుక్కుంటుంది. ఆ మౌనం కాసేపటిదైతే మంచిదే కావచ్చు, మనిషి కిందికి దిగడానికి అదొక మెట్టు. భాగస్వామి ఆ కాసేపు ఓర్చుకుని, ఇంటి బరువు తాను అందుకున్న ఇళ్ళలో ఇది సులువుగా సాగింది కూడా. కానీ ఇద్దరూ ఒకే సాయంత్రం ముడుచుకుపోయి వస్తే అందుకునేదెవరు?

ఇల్లే మందు కాదు

ఇంతవరకు చదివినవారు, అయితే ఉద్యోగమే విషం, ఇల్లే అమృతం అనుకోవచ్చు. తొందరపడకూడదు. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో దశాబ్దాలుగా సాగుతున్న గుండె అధ్యయనం నుంచి సుజాన్ హేన్స్, మానింగ్ ఫైన్‌లీబ్ 1980లో ఒక లెక్క తీశారు. మొత్తం మీద చూస్తే ఉద్యోగాలు చేసే మహిళల్లో గుండె జబ్బు గృహిణులకన్నా గణనీయంగా ఎక్కువేమీ లేదు. ఎక్కువ ఉన్నది గుమాస్తా పనులు చేసేవారిలో, దాదాపు రెట్టింపు. వారిలోనూ కోపాన్ని దిగమింగుకునేవారు, ఆసరా ఇవ్వని అధికారి కింద పనిచేసేవారు, ఏళ్ళ తరబడి అదే ఉద్యోగానికి అతుక్కుపోయినవారు ముందు వరసలో ఉన్నారు. ఉద్యోగం చేసే తల్లుల్లో పిల్లల సంఖ్య పెరిగే కొద్దీ జబ్బు కూడా పెరిగింది. నౌకరీ చేయడం ఇక్కడ నేరం కాదు. నౌకరీలో నోరు లేకపోవడం, ఇంట్లో ఆసరా లేకపోవడం రెండూ ఒకరి మీదే పడడం అసలు గొడవ. అడకత్తెరకు రెండు చేతులుంటాయి కదా.

ఇంటి చెయ్యి ఎంత గట్టిగా నొక్కగలదో స్టాక్‌హోమ్ పరిశోధన చెబుతుంది. గుండెపోటుతోనో తీవ్రమైన గుండెనొప్పితోనో ఆసుపత్రిలో చేరిన మహిళలను క్రిస్టీనా ఓర్త్-గోమెర్ బృందం సుమారు ఐదేళ్ళు వెన్నంటి చూసి 2000లో ఫలితాలు ప్రకటించింది. కాపురంలో తీవ్రమైన ఒత్తిడి ఉన్నవారికి జబ్బు తిరగబెట్టే ముప్పు 2.9 రెట్లు ఎక్కువగా ఉంది. ఉద్యోగపు ఒత్తిడికి అలాంటి ప్రభావం కనిపించలేదు. ఇటువంటి స్త్రీని ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉండమనడం వైద్యం కాదు. చేతిలో సొంత సంపాదన, నాలుగు గోడల అవతల నలుగురు మనుషులు, ఒక పని చేయగలనన్న ధీమా కూడా ఒంటికి బలమే. ఒక పాత్రలో తగిలిన దెబ్బకు మరో పాత్ర మెత్తగా అడ్డుపడగలదని చెప్పిన పరిశోధకులు 1970ల నుంచే ఉన్నారు.

ఇక్కడే మరో మెలిక. సంఘర్షణ రెండు దిశల్లో నడుస్తుంది. ఉద్యోగం ఇంట్లోకి చొరబడడం ఒకటి, ఇల్లు ఉద్యోగంలోకి చొరబడడం ఇంకొకటి. ఎక్కువమంది చెప్పేది మొదటిదే. కారణం ఊహించడం కష్టం కాదు, ఇంటి గోడలకన్నా ఆఫీసు గోడలు మందం. మైకేల్ ఫ్రోన్, మార్సియా రస్సెల్, లిన్ కూపర్ ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులను నాలుగేళ్ళ ఎడంతో చూసి 1997లో రాసిన పత్రంలో ఈ రెండు దిశలూ వేర్వేరు గుర్తులు వదిలాయి. ఇంటి చిక్కులు పనికి అడ్డుపడినవారిలో తర్వాతి కాలంలో కుంగుబాటు, అనారోగ్యం, అధిక రక్తపోటు పెరిగాయి. పని ఇంటికి అడ్డుపడినవారిలో పెరిగింది అతిగా తాగడం. ఇదే ఎందుకు, అదెందుకు కాదు అంటే నా అనుమానం ఇది. పని వల్ల ఇల్లు దెబ్బతింటే నింద వేయడానికి ఒక అధికారో కంపెనీయో ఉంటారు. ఇంటి వల్ల పని దెబ్బతింటే నింద తన మీదికే తిరుగుతుంది.

ఇక ఆడా మగా లెక్క. 2017లో క్రిస్టెన్ షాక్లీ బృందం 350కి పైగా అధ్యయనాలను గుదిగుచ్చి చూస్తే, స్త్రీలూ పురుషులూ చెప్పుకునే సంఘర్షణ స్థాయిల్లో పెద్ద తేడా లేదని తేలింది. వోల్వో ఫలితంతో ఇది పొసగనట్టు కనిపిస్తుంది. పొసగుతుంది. 'మీ పని ఇంటికి అడ్డు వస్తోందా' అన్న ప్రశ్నకు జవాబు, మనిషి తన నుంచి తాను ఏం ఆశిస్తాడన్న దాని మీద ఆధారపడుతుంది. వారానికి రెండు సాయంత్రాలు పిల్లలతో గడపలేకపోయినందుకు ఒక తండ్రి ఎంత బాధపడతాడో, రోజూ మూడు గంటలు గడిపి నాలుగోది గడపలేకపోయినందుకు ఒక తల్లి అంతే బాధపడవచ్చు. ప్రశ్నపత్రంలో ఇద్దరికీ అవే మార్కులు. పైగా సంఘర్షణ భరించలేక ఉద్యోగం వదిలేసినవారు ఉద్యోగుల సర్వేలో ఉండనే ఉండరు.

ఈ రంగంలోని లెక్కలను కళ్ళు మూసుకుని నమ్మకూడదు కూడా. 2000లో ఫ్రోన్ అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సర్వే నుంచి తీసిన లెక్కలో, తరచూ సంఘర్షణ ఎదుర్కొనేవారికి రుగ్మతను బట్టి మానసిక సమస్యలు ఉండే అవకాశం 2 రెట్ల నుంచి దాదాపు 30 రెట్ల దాకా ఎక్కువ. 30 రెట్లు అనగానే గుండె గుభేలుమంటుంది. కానీ ఒకే సమయంలో రెండూ అడిగినప్పుడు ఏది ముందో తెలియదు. కుంగుబాటులో ఉన్నవారికి చిన్న పనీ కొండలా కనిపిస్తుంది, ఇంట్లో మాటా పట్టింపూ పెరుగుతాయి. చెట్టు ముందా విత్తు ముందా అంటే, చాలాసార్లు రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి.

పగ్గం ఎవరి చేతిలో?

ప్రశ్నపత్రాలను పక్కనపెట్టి ఒంటినే కొలిచినవారూ ఉన్నారు. 2010లో లీసా బర్క్‌మన్ బృందం వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో పనిచేసేవారి నిద్రను, గుండె జబ్బు సూచికలను కొలిచింది. వారి మేనేజర్లు ఉద్యోగుల ఇంటి అవసరాల పట్ల ఎంత వెసులుబాటు చూపుతారో విడిగా, ఆ మేనేజర్లనే అడిగి తెలుసుకుంది. పట్టూ విడుపూ లేని మేనేజరు కింద పనిచేసేవారు రోజుకు 29 నిమిషాలు తక్కువ నిద్రపోతున్నారు. వారిలో గుండె జబ్బు సూచికలు రెండు లేదా అంతకు మించి ఉండే అవకాశం రెట్టింపు. పై అధికారి స్వభావం కింది ఉద్యోగి మణికట్టుకు కట్టిన నిద్ర కొలిచే పరికరంలో నమోదైంది.

వెసులుబాటు అన్నాను గనుక ఒక హెచ్చరిక. ఆ మాటను కంపెనీలూ వాడతాయి. ఎప్పుడు పనిచేయాలో ఉద్యోగి నిర్ణయించుకోవడం ఒక రకం. ఎప్పుడు పిలిస్తే అప్పుడు రావాలనడం మరో రకం. రెండింటికీ పేరు ఒకటే. దుకాణాల్లో, హోటళ్ళలో పనిచేసే అమెరికన్ కార్మికులను డేనియల్ ష్నైడర్, క్రిస్టెన్ హార్క్‌నెట్ సర్వే చేసి 2019లో చెప్పింది ఇదే. ఎప్పటికప్పుడు మారిపోయే షిఫ్టులకూ, నిద్రలేమికీ, మానసిక వేదనకూ ఉన్న ముడి, తక్కువ జీతానికీ వాటికీ ఉన్న ముడికన్నా గట్టిది. రేపు మధ్యాహ్నం ఎక్కడుంటామో తెలియని మనిషి పిల్లలను ఎవరికి అప్పగించాలో రాత్రంతా ఆలోచిస్తాడు. ఇంటి నుంచి పనిచేయడం కూడా అంతే, పగ్గం మన చేతిలో ఉంటే వరం. లేకపోతే వంటింటి దాకా వచ్చిన ఆఫీసు.

ధ్యానం చేయండి, ఫోను పక్కన పెట్టండి, పనుల జాబితా రాసుకోండి అనే సలహాల మీద నాకు ద్వేషం లేదు. పని గంటల తర్వాత మనసును పని నుంచి విడదీయగలిగినవారు బాగా కోలుకుంటారని జబీనే జొన్నెన్‌టాగ్ పరిశోధనలు చెబుతున్నాయి, ఆ మాట నిజమే. కానీ రాత్రి పదింటికి వచ్చిన సందేశానికి జవాబివ్వకపోతే మర్నాడు సంజాయిషీ చెప్పుకోవలసిన మనిషికి ఆ సలహా ఎందుకూ కొరగాదు. 1981లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ కుటుంబ బాధ్యతలున్న కార్మికుల కోసం 156వ ఒప్పందం తెచ్చింది. 2017లో ఫ్రాన్స్ పని వేళలు దాటాక ఫోనుకూ ఈమెయిలుకూ అందుబాటులో ఉండనవసరం లేని హక్కును చట్టంలో పెట్టింది. ఇవి వ్యక్తి సంకల్పంతో అయ్యే పనులు కావు.

పని తీరును మారిస్తే ఒళ్ళు బాగుపడుతుందా అన్నది పరీక్షించిన అరుదైన ప్రయోగం ఒకటుంది. అమెరికాలో వర్క్, ఫ్యామిలీ అండ్ హెల్త్ నెట్‌వర్క్ అనే పరిశోధకుల కూటమి పేరు వెల్లడించని ఒక ఐటీ కంపెనీలో, వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో కొన్ని జట్లను లాటరీ పద్ధతిలో ఎంచుకుంది. ఆ జట్ల అధికారులకు కింది ఉద్యోగుల ఇంటి బాధ్యతలకు ఆసరా ఇవ్వడంలో శిక్షణ ఇచ్చారు. ఉద్యోగులు కూర్చుని, ఏ పనులు దండగో, ఎక్కడ ఎప్పుడు పనిచేస్తే బాగుంటుందో తామే తేల్చుకున్నారు. 2023లో బర్క్‌మన్ బృందం ప్రచురించిన ఫలితాల్లో, మొదటి నుంచీ ఆరోగ్యంగా ఉన్నవారిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. గుండె జబ్బు ముప్పు ముందే ఎక్కువగా ఉన్నవారిలో, ముఖ్యంగా 45 ఏళ్ళు దాటినవారిలో ముప్పు తగ్గింది. ఐటీ ఉద్యోగుల్లో అది 5.5 ఏళ్ళ వయసు తగ్గినదానితో సమానం, సంరక్షణ కేంద్రాల వారిలో 10.3 ఏళ్ళతో సమానం. మందు బిళ్ళ ఒక్కటీ ఇవ్వలేదు.

ఆ ఐటీ కంపెనీని తర్వాత మరో సంస్థ కొనేసింది. కొత్త యాజమాన్యం ఆ పద్ధతిని రద్దు చేసింది.